ఒకటో అంశం యుద్ధం, రెండో అంశం వంతెన

పెసర్లంక పురపాలక సంఘానికి అమెరికా ప్రెసిడెంటు మీద కోపం వచ్చి ఈ కథ జరిగేనాటికి నాలుగేళ్ళయింది. ఆవలిపేటకి వంతెన లేకుండా పోయి కూడా సరిగ్గా నాలుగేళ్ళే. ఈ రెండింటికీ సంబంధమేమిటని చదువుకోనివాడెవడైనా అడుగుతాడు. చదువుకున్నవాళ్ళు అడగరు. వాళ్ళకి అజెండా అంటే ఏమిటో తెలుసు.

ఆ ఏడు తుఫానుకి కాలువ పొంగి ఆవలిపేట వంతెన మీది చెక్కలన్నీ కొట్టుకుపోయాయి. రాతి దిమ్మెలు మాత్రం ముసలాడి నోట్లో పళ్ళలా అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. సంఘంవారు చురుగ్గానే కదిలి, నలభై టేకు చెక్కలు తెప్పించి ఆఫీసు పెరట్లో పేర్పించారు. వాటిని దిమ్మెల మీద పరవడానికి ఒక్క తీర్మానం తక్కువ. సరిగ్గా మీటింగు నాటి పొద్దున్నే కాలేజీ కుర్రాళ్ళు వియత్నాం యుద్ధం ఆపాలంటూ ఊరేగింపు తీసి, చైర్మన్ నరసరాజుగారి కారుకి అడ్డం నిలబడి, "దీని మీద మీ అభిప్రాయం ఏమిటండీ?" అని అడిగారు. నరసరాజుగారిని అరవై ఏళ్ళలో ఇంట్లోగానీ బయటగానీ అభిప్రాయం అడిగినవాళ్ళు లేరు. ఆయన ముచ్చటపడిపోయారు. కారు దిగకుండానే అజెండా తెప్పించి, వియత్నాం యుద్ధాన్ని ఒకటో అంశం చేశారు. అంతవరకూ ఒకటోదిగా ఉన్న వంతెన రెండోదయింది.

పై అంశం తేలందే కింది అంశాన్ని ముట్టుకోకూడదని పెసర్లంకలో కట్టుబాటు. పూర్వం ఒక చైర్మన్ శ్మశానం గోడ సంగతి ఎగ్గొట్టి తన మామిడితోటకి రోడ్డు పాసు చేయించుకోబోతే, ఆయన్ని ఆపడానికి పెట్టినది. ఆ చైర్మన్ పోయాడు, మామిడితోట పోయింది, కట్టుబాటు మాత్రం గుండ్రాయిలా ఉంది.

"అమెరికా ప్రెసిడెంటు వారు సదరు యుద్ధమును తక్షణమే నిలుపుదల చేయవలసినదిగా ఈ సంఘము ఆదేశించుచున్నది," అని మేనేజరు సోమయాజులుగారు చదివారు.

ప్రతిపక్షం భద్రంగారు లేచారు. ఆయన కొబ్బరి వర్తకుడు. "మన బళ్ళో పిల్లలు మధ్యాహ్నం తింటున్న ఉప్మా ఎవరి పిండండీ? అమెరికా పిండి! తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతారా?"

"లెక్కపెట్టట్లేదు. వాసాలు తగలబెట్టొద్దంటున్నాం," అన్నారు నరసరాజుగారు. ఈ మాట ఆయనకే ఎంత నచ్చిందంటే, ఆ నెలంతా అన్నం తింటూ కూడా అదే అన్నారట.

పన్నెండు చేతులు ఇటు, పదకొండు అటు. తీర్మానం పాసై రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. కొన్నాళ్ళకి అమెరికా ప్రెసిడెంటు తాను మళ్ళీ ఎన్నికలకి నిలబడనని చెప్పినట్టు వార్త వచ్చింది. ఎందుకు నిలబడలేదో ఆయనకి తెలియాలి. సోమయాజులుగారు మాత్రం ఫైలులో "తీర్మానము పాక్షికముగా అమలైనది" అని రాసి సంతకం పెట్టారు. యుద్ధం ఆగలేదు గనుక అంశం తేలలేదు. తరవాత కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. పాతాయన మీదున్న ఆదేశాన్ని కొత్తాయనకి వర్తింపజేస్తూ ఇంకో తీర్మానం చేశారు. ఈయన శాంతి శాంతి అంటూనే పక్కదేశం మీద కూడా బాంబులు వేయించాడు. అంశం తేలకపోగా లావెక్కింది.

ఊరు రెండయింది. నరసరాజుగారి వాళ్ళు ఒక టీ కొట్టుకి, భద్రంగారి వాళ్ళు ఇంకో టీ కొట్టుకి. మంగలి దగ్గర గెడ్డం సగం చేయించుకున్నవాడు వాదన ముదిరి రెండో సగం వేరే మంగలి దగ్గర చేయించుకున్న రోజులున్నాయి. ఒకరి రేడియోలో యుద్ధం ఆగిపోయేది, ఇంకొకరి రేడియోలో అప్పుడే మొదలయ్యేది. ఈ గోల పడలేక సంఘం ఏకగ్రీవంగా ఒక నిర్ణయం తీసుకుంది. ఇకమీదట మునిసిపల్ పార్కులోని సంఘపు రేడియో చెప్పిందే అధికారిక వార్త. దాన్ని విని పుస్తకంలో రాయవలసినవాడు బిళ్ళబంట్రోతు తాతబ్బాయి.

తాతబ్బాయి చదువు నాలుగో తరగతి. అందులోనూ నాలుగు సగమే. భుజానికి ఎర్రపట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ, మొలలో రేడియో గది తాళంచెవి. మీటింగుకి గంట కొట్టడం, చైర్మన్‌గారి ముందు నడవడం, పార్కులో రేడియో పెట్టడం ఆయన ఉద్యోగం. ఇప్పుడు యుద్ధం కూడా వచ్చి మీద పడింది. పుస్తకంలో రెండే మాటలు రాయమన్నారు సోమయాజులుగారు. బాంబులు పడితే "వేసిరి", పడకపోతే "ఆపిరి".

"మిగతాది నీకెందుకుగానీ తాతబ్బాయీ, ఆ రెండూ తప్పుల్లేకుండా రాయి చాలు," అన్నారు.

"చిత్తమండి," అన్నాడు తాతబ్బాయి. అంత పెద్ద యుద్ధం రెండు మాటల్లో ఎలా పడుతుందో ఆయనకి అర్థం కాలేదు. అర్థం కావడం ఆయన ఉద్యోగంలో లేదు.

ఆయన ఇల్లు ఆవలిపేటలో. వంతెన పోయిన దగ్గర్నించీ ఆ పేటంతా ఒక తాటిదుంగ మీద కాలువ దాటుతోంది. తాతబ్బాయి రోజూ చెప్పులు చేతబట్టుకుని, ఇత్తడి బిళ్ళ నీళ్ళలో పడకుండా పళ్ళతో కరుచుకుని దుంగ మీద నడిచి ఆఫీసుకి వెళ్తాడు. బండి కట్టుకుని వెళ్ళాలంటే లాకుల మీదుగా చుట్టూ నాలుగు మైళ్ళు, ఆ దారి కూడా చేనుగట్టంత.

వంతెన పోయిన నాలుగో ఏడు దసరాలు వెళ్ళాక కూతురు వరాలు పురిటికి పుట్టింటికొచ్చింది. తొలి కాన్పు. చుట్టూ తిరిగి బండిలో వచ్చేసరికి పిల్ల మొహం వాడిపోయింది. పెద్దాసుపత్రి కాలువకి ఇవతల, గడియారం స్తంభం పక్కన. డాక్టరమ్మ చూసి, "బిడ్డ అడ్డంగా ఉంది. నొప్పులు రాగానే ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి. ఇంట్లో మంత్రసాని చేత చేయించారో, ఆ తరవాత నన్ను అనొద్దు," అంది.

తాతబ్బాయి భార్య మంగాయమ్మ ఆ పూటే మొగుణ్ణి పట్టుకుంది. "ఏవయ్యా, రోజూ ఆ రాజుగారి ముందు బిళ్ళేసుకుని నడుత్తావు గదా. ఎనక్కి తిరిగి ఒక్క మాట అడగలేవా?"

అడిగాడు. చేతులు కట్టుకుని, వంతెన సంగతి కాస్త చూడమని నరసరాజుగారిని అడిగాడు.

"ఒరే తాతబ్బాయ్," అన్నారాయన జాలిగా, "అక్కడ దేశాలు తగలబడిపోతుంటే మనం చెక్కల గురించి మాట్లాడుకుంటే చరిత్ర మనల్ని క్షమిస్తుందంట్రా?"

చరిత్ర ఏ పేటలో ఉంటుందో తాతబ్బాయికి తెలీదు. ఆవలిపేటలో అయితే ఉండదు. ఉంటే దానికీ ఆ దుంగే గతి.

ఇంతలో శాంతి చేతికి అందేంత దూరంలో ఉందని అమెరికావాళ్ళు అన్నట్టు పార్కు రేడియో చెప్పింది. తాతబ్బాయి "ఆపిరి" అని రాశాడు. ఇది మన నాలుగేళ్ళ కృషి ఫలితమేనని సంఘం గుర్తించి, గడియారం స్తంభం దగ్గర శాంతి వేదిక కట్టి చైర్మన్‌గారికి సన్మానం చెయ్యాలని తీర్మానించింది. వేదికకి చెక్కలు కావాలి. పెరట్లో నలభై ఉన్నాయి. అవి రెండో అంశం తాలూకువి గదా అని ఒక సభ్యుడు గొణిగాడు.

"రెండో అంశము ఇంకా చర్చకు రానందున, దాని చెక్కలు కూడా ఇంకా రానట్లే," అన్నారు సోమయాజులుగారు. "రాని చెక్కలను వాడుకొనుటకు ఆక్షేపణ లేదు."

వేదిక లేచింది. నరసరాజుగారికి ఎర్రశాలువా పడింది. సన్మానాలు జరుగుతూనే ఉన్నాయి, ఒక వారం లయన్సువాళ్ళు, ఒక వారం కిరాణా వర్తకులు. శాంతి మాత్రం చేతికి అందకుండా అంతే దూరంలో ఉంది. వరాలుకి ఏడో నెల వెళ్ళి ఎనిమిదోది వచ్చింది. ఒకరోజు రేడియో, ఆ ప్రెసిడెంటు ముందెన్నడూ లేనంతగా మళ్ళీ బాంబులు వేయిస్తున్నాడని చెప్పింది. "వేసిరి" అని రాసి తాతబ్బాయి పుస్తకం పట్టుకెళ్ళాడు.

నరసరాజుగారి మొహం శాలువా రంగుకి తిరిగింది. "మనకి చెప్పకుండానా?"

"ఇది ఆదేశ ధిక్కారము," అన్నారు సోమయాజులుగారు. "నోటీసు ఇవ్వవలెను."

ఇచ్చారు. ఏడు రోజుల్లోగా స్వహస్తముతో సంతకము చేసిన సంజాయిషీ పంపుకోవాలనీ, లేనిచో తగు చర్య తీసుకోబడుననీ. పట్టణ పరిమితుల్లో లేనివాళ్ళకి నోటీసు అందించాలంటే దండోరా వేసి, వాళ్ళ ఆస్తి మీద అంటించాలని నిబంధన. తాతబ్బాయి డప్పుల వాళ్ళని వెంటబెట్టుకుని నాలుగు వీధుల్లోనూ చాటించాడు. "అమెరికా ప్రెసిడెంటు గారికి ఇందుమూలముగా తెలియజేయడమేమనగా..." కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూసి, "ఆయనగారు మనూళ్ళో ఎక్కడ దిగారే?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగారు. ఊళ్ళో ప్రెసిడెంటుగారి ఆస్తి ఏదీ అని వెతికితే, బడి వంటగదిలో అమెరికా పిండి బస్తా ఒకటి దొరికింది. తాతబ్బాయి దాని మీద నోటీసు అంటించాడు. మధ్యాహ్నం వంటమనిషి పిండంతా ఉప్మాలో పోసి, బస్తా దులిపి, కాగితం పొయ్యిలోకి తోసింది. "నోటీసు ముట్టినది" అని సోమయాజులుగారు ఫైలు చేశారు.

నరసరాజుగారికి ఇంకా చల్లారలేదు. గడియారం స్తంభం దగ్గరికి వెళ్ళి వేదికని చూసి మండిపడ్డారు. "ఒరే, ఈ చెక్కలు నా కంటబడకూడదు. తీసుకుపోయి కాలువలో పడేయించు!"

తాతబ్బాయి ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క ఆజ్ఞ కూడా మీరలేదు. అదీ మీరలేదు. ఆవలిపేట కుర్రాళ్ళని పిలిచి నలభై చెక్కలూ మోయించి కాలువలో పడేయించాడు. అయితే ఒక దిమ్మె నించి ఇంకో దిమ్మెకి పడేలా పడేయించాడు.

సోమయాజులుగారు సాయంత్రం షికారుకొచ్చి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఏవోయ్, ఇది వంతెన కాదుగదా?"

"అయ్యయ్యో, వంతెనెక్కడిదండి? పాసవలేదు గదండి. చెక్కలండి."

"అదీ," అని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు ఫైలులో ఇలా పడింది. "సంఘపు చెక్కలు నలభై కాలువ దిమ్మెలపై నిల్వ చేయడమైనది. నిల్వ చెక్కలపై ప్రజలు అటునిటు తిరుగుచున్నారు. ఆక్షేపణ లేదు."

నాలుగేళ్ళ తరవాత ఆవలిపేట కాళ్ళు తడవకుండా ఊళ్ళోకొచ్చింది. ముసలమ్మలు పనిలేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. కానీ అందరికీ ఒక సంగతి అర్థమయింది. బాంబులు ఆగితే వేదిక మళ్ళీ లేస్తుంది, చెక్కలు పోతాయి. పొద్దున్నే తాతబ్బాయి రేడియో గదికి బయల్దేరుతుంటే అరుగుల మీంచి అడిగేవారు, "ఏం తాతబ్బాయ్, ఇయ్యాల కూడా ఏత్తారంటావా?"

"ఏత్తార్లే," అనేవాడు ధైర్యం చెప్తున్నట్టు.

ఒకరోజు అన్నం తింటూ, "ఇంకో ఇరవై రోజులు ఏత్తే చాలే. పిల్ల పురుడు గడిచిపోద్ది. ఆ తరవాత ఆళ్ళిష్టం," అన్నాడు.

మంగాయమ్మ వడ్డిస్తున్న గరిటె ఆపింది. "ఏటన్నావు?"

"అదే..."

"అక్కడ మాత్రం కడుపుతో ఉన్నోళ్ళుండరా? ఆళ్ళకీ అమ్మలుండరా? తిన్నది అరగాలంటే అట్టాంటి మాట ఇంకోపాలి అనకు."

తాతబ్బాయి కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. తనకి ఇష్టమున్నా లేకపోయినా బాంబులు పడతాయనీ, ఆగితే ఆగుతాయనీ ఆయనకి తెలుసు. అయినా మర్నాడు రేడియో తిప్పబోయి ఆగాడు. ఏది వినాలని కోరుకోవాలో తెలీక, చెవులు మూసుకుని వినాలనిపించింది.

మూడోవారం, ఒక పొద్దున్న రేడియో చెప్పేసింది. ఒప్పందం కుదిరింది, సంతకాలయ్యాయి, యుద్ధం ముగిసింది. తాతబ్బాయి కలం పట్టుకున్నాడు. అబద్ధం రాయడం చేతకాలేదు. "ఆపిరి" అని రాశాడు.

ఊరు ఊరంతా లేచింది. సాయంత్రం నాలుగింటికి శాంతి విజయోత్సవం. ఆవలిపేట దగ్గరున్న ఒక్క దోనెనీ తీసుకుపోయి హంసలా అలంకరించి కాలువలో ఊరేగింపుకి పెట్టారు. మధ్యాహ్నానికల్లా తాతబ్బాయి దగ్గరుండి చెక్కలన్నీ విప్పించాడు. ఆఖరి చెక్క లేపుతుంటే పేటవాళ్ళెవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తాటిదుంగ ఎప్పుడో వంటచెరుకయింది.

నాలుగున్నరకి అవతలి గట్టు మీంచి మంగాయమ్మ కేక వినబడింది.

"ఏవయ్యోయ్! పిల్లకి నొప్పులొత్తన్నాయి! ఉమ్మనీరు పోయింది!"

ఇటు గట్టున తాతబ్బాయి, అటు గట్టున పెళ్ళాం, మధ్యలో నిండుకాలువ. లాకుల మీదుగా బండిలో చుట్టూ వచ్చేసరికి చీకటి పడిపోతుంది. దోనె ఎక్కడో బాజాలతో హంసయి తిరుగుతోంది. ఇంట్లోంచి వరాలు కేక కాలువ దాటి వచ్చింది. తాను పరిగెత్తి చైర్మన్‌గారి కాళ్ళ మీద పడితే ఏమవుతుందో ఆలోచించాడు. రెండో అంశం అంటారు. చరిత్ర అంటారు. వెనక్కి తిరిగి పార్కు వైపు పరిగెత్తాడు.

రేడియో గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. రేడియో పెట్టలేదు. పుస్తకం తీశాడు. అమెరికాలో ఇద్దరు ప్రెసిడెంట్లు ఇన్నేళ్ళూ మంత్రుల్నీ సేనాపతుల్నీ కూర్చోబెట్టుకుని తీసుకున్న నిర్ణయాన్ని, పెసర్లంకలో తాతబ్బాయి ఒక్కడే, నిలబడి, చెమట తుడుచుకుంటూ తీసుకున్నాడు. మొదటి రోజు చెప్పినట్టే తప్పుల్లేకుండా రాశాడు. "మళ్ళీ వేసిరి."

వేదిక మీద నరసరాజుగారు మెడలో మూడు దండలతో మాట్లాడుతున్నారు. "...ఒక చిన్న పట్టణము తలచుకొన్న..."

తాతబ్బాయి పుస్తకం సోమయాజులుగారి చేతిలో పెట్టాడు. ఆయన చదివి, గొంతు సవరించుకుని, చైర్మన్‌గారి చెవిలో చెప్పబోయి, మైకులో చెప్పేశారు.

"మళ్ళీ వేసిరట."

ముందువరసలో భద్రంగారు పగలబడి నవ్వారు. "శాలువా మడత విప్పకండి రాజుగారూ, వాపసివ్వాలి!"

నరసరాజుగారు దండలు ఒక్కొక్కటే తీశారు. మెట్లు దిగుతూ అరిచారు. "ఈ వేదిక మీద ఇంక ఒక్క క్షణం నిలబడను! విప్పండి! యథాస్థానంలో పెట్టండి!"

ఆజ్ఞ నోట్లోంచి రావడమే ఆలస్యం. ఆవలిపేట మగాళ్ళు వేదికని చీమలు పట్టినట్టు పట్టేశారు. చెక్కలు భుజాల మీద పరుగెత్తాయి. ఇటునించి ఒక్కో చెక్కా దిమ్మెల మీద పడుతుంటే, ఆఖరి చెక్క కొస అవతలి గట్టుకి తగలగానే నులకమంచం మీద వరాలుని మోసుకుని ఆడవాళ్ళు ఎక్కేశారు. మంచం వెనకాలే మంగాయమ్మ, చేతిలో చెంబు, నోటినిండా తిట్లు. ఎవర్ని తిడుతోందో ఆవిడకే తెలీదు.

దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల పుట్టింది. డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంకో అరగంటయితే నా చేతిలో లేకపోయేది," అంది.

మర్నాడు బస్సులో పేపర్లొచ్చాయి. మొదటి పేజీ నిండా సంధి. భద్రంగారు పేపరు ఊపుకుంటూ ఆఫీసుకొచ్చారు. అత్యవసర సమావేశం పెట్టారు. తాతబ్బాయి గంట కొట్టి, బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, గోడవార నిలబడ్డాడు.

"ఒరే," అన్నారు నరసరాజుగారు మెల్లిగా, "నువ్వు నిన్న నిజంగా విన్నావా?"

"విన్నానండి."

"ఏం విన్నావు?"

"కేకలండి. ఆడకూతురి కేకలండి."

నరసరాజుగారు బల్ల మీది బిళ్ళ వైపు చూశారు. ఆయనకీ ముగ్గురు కూతుళ్ళు. పైగా బంట్రోతు రాసిన అబద్ధానికి తాను దండలు తీసి దిగానని ఒప్పుకోవాలంటే ఎలా?

సోమయాజులుగారు లేచి కళ్ళజోడు పెట్టుకున్నారు. "పత్రికలు అధికారిక వార్త కావు. సంఘపు పుస్తకములో ఆఖరి మాట 'వేసిరి' అని యున్నది. పైగా మన నోటీసుకు సదరు ప్రెసిడెంటు స్వహస్త సంజాయిషీ నేటికీ రాలేదు. శాంతి యని చెప్పి యీయన ఒకపరి మనలను మోసగించియున్నారు. సంతకము చేసిన కాగితము చేతికందువరకు యుద్ధము జరుగుచున్నట్లే భావించవలెను. చెక్కలు దిమ్మెలపైనే నిల్వ యుంచవలెను."

నరసరాజుగారు చెయ్యెత్తారు. ఆశ్చర్యమేమిటంటే భద్రంగారు కూడా ఎత్తారు. అమెరికా గెలవకుండా ఇంటికెళ్ళిందనడం ఆయనకి గొంతు దిగడం లేదు. యుద్ధం ఇంకా ఉందంటే ఇంకా ఓడిపోనట్టే గదా. పెసర్లంక చరిత్రలో ఒకటో అంశం మీద ఇరవై మూడు చేతులూ లేచింది ఆ ఒక్కసారే. తాతబ్బాయి తన బిళ్ళ తాను తీసుకుని తగిలించుకున్నాడు.

ఆ ప్రెసిడెంటూ దిగిపోయాడు. ఆ తరవాతాయనా దిగిపోయాడు. అక్కడ పొలాల్లో మళ్ళీ వరి నాటుకుంటున్నారట. పెసర్లంకలో మాత్రం నెలనెలా సోమయాజులుగారు అడుగుతారు. "ఒకటో అంశము, యుద్ధము. ప్రెసిడెంటు సమాధానము?"

"రాలేదండి," అంటాడు తాతబ్బాయి.

"రెండో అంశము, వంతెన. వాయిదా."

మనవరాలికి ఇప్పుడు ఆరేళ్ళు. పలక చంకన పెట్టుకుని, తాత వేలు పట్టుకుని, నిల్వ ఉన్న చెక్కల మీదుగా బడికి వెళ్తుంది. బడి దగ్గర దాన్ని దింపి, తాతబ్బాయి తిన్నగా పోస్టాఫీసుకి వెళ్తాడు. ఉత్తరాల సంచి విప్పేదాకా మెట్ల మీద కూర్చుంటాడు.

"అమెరికా నించేమైనా ఉందాండీ?"

"ఏం లేదయ్యా బాబూ. రోజూ అడుగుతావు. ఎవరున్నారేంటి నీకక్కడ?"

"ఎవరూ లేరండి," అని తాతబ్బాయి పైపంచెతో మొహం తుడుచుకుంటాడు. "అమ్మయ్య," అనుకుని ఆఫీసుకి వెళ్తాడు.